తాళం వేసిన మార్కులు

ఉద్యోగం ఇంకా ఖాయం కాని ఆ రోజుల్లో, లెక్కను దాచేస్తే రహస్యం దాగినట్టేనని నమ్మేవాణ్ణి. మేం తయారుచేస్తున్న కంపైలర్ పనీ అదే. మామూలుగా రాసిన ప్రోగ్రామ్‌ను తాళం వేసిన అంకెల మీద నడిచేలా మారుస్తుంది; తాళం తీయకుండానే కూడికలు జరిగిపోతాయి. దాన్ని ఎవరి కంప్యూటర్‌లోనైనా ఎక్కేలా ప్యాకేజీ కట్టడం నా వంతు. "నీవి కాని మూడు కంప్యూటర్లలో నడిచి సరైన జవాబు రావాలి. రాకపోతే ఇంకో ఉద్యోగం చూసుకో" అన్నాడు హైదరాబాద్ మేనేజర్.

నేను సూర్యాపేటలో మేనమామ ఇంట్లో ఉండి పనిచేసేవాణ్ణి. మామ కంప్యూటర్, మిర్యాలగూడ చిన్నాయనది, కోదాడ బావది కుదిరాయి. కూడడానికి అంకెలు కావాలంటే అత్త దారి చూపింది. ఫోన్‌లో చూసి ఓట్స్‌తో పులిహోర చేసి, ఆ రెండు ఊళ్లకూ బస్సులో డబ్బాలు పంపిందామె. "మొఖం మీద అందరు మంచిగుందనే అంటరు. నీ మిషన్‌ల బెట్టి ఐదుకు ఎన్ని మార్కులో అడుగు అల్లుడా" అంది. ఎవరి మార్కులూ ఎవరికీ తెలియవని, మొత్తం ఒక్కటే బయటపడుతుందని మాటిచ్చాను. మామ ముఖం వెలిగింది. "నిజంగ తెల్వదా? మీ అత్తకు గూడ?"

అత్త డబ్బాలు చెక్కుచెదరకుండా చేరాయి. నా ప్యాకేజీ కోదాడలో తెరుచుకోలేదు. "ఏదో ఫైల్ లేదంటుంది బామ్మర్దీ. అత్తయ్య చేత కట్టించాల్సింది" అన్నాడు బావ. (నా కంప్యూటర్‌లో ఎప్పట్నించో ఉన్న ఫైలును అందులో పెట్టడం మరిచాను.) మళ్లీ కట్టి పంపితే మూడుచోట్లా ఎక్కింది. మేనేజర్ వీడియోలో చూస్తుండగా ముగ్గురూ మార్కులేశారు. అత్త స్వయంగా బటన్ నొక్కింది.

మొత్తం సున్న.

ఒక్కరి మార్కుల తాళమూ తెరుచుకోలేదు. తెరవాల్సిన అవసరమే లేకపోయింది; మొత్తమే సున్నంటే ఒక్కొక్కరిదీ సున్నే. మిగతా ఇద్దరూ ఎలాగూ మంచి మార్కులేస్తారన్న ధైర్యంతో ముగ్గురూ సున్నే వేశారు.

"మిషన్ ఖరాబైనట్టుంది. గంతేగదరా?" అన్నాడు మామ, నా భుజం గట్టిగా నొక్కుతూ. "జవాబు కరెక్టేనా?" అని తెరలోంచి మేనేజర్. తప్పంటే మామకు సరైన తిండి దక్కుతుంది, కరెక్టంటే నాకు ఉద్యోగం దక్కుతుంది.

"కరెక్టే సార్" అన్నాను.

"మంచి మిషనే చేసినవ్ అల్లుడా" అంటూ అత్త లేచింది. "దొంగతనం దాస్తది, దొంగలను పట్టిస్తది."

ఆ వారమంతా ఇంట్లో ఓట్స్ పులిహోరే. "నౌకరి నీకొచ్చె, గిది నాకొచ్చె" అనేవాడు మామ, ముద్ద ముద్దకూ నన్ను చూస్తూ.

మామ పోయి ఏడాది కావస్తోంది. ప్యాకేజీతో వెళ్లే పరీక్షల్లో మూడు సున్నలను కూడేది ఇంకా ఉంది. దీంతో ఏం తేలుతుంది సార్, తీసేద్దామా అని కొత్తవాళ్లు అడుగుతారు. ఉండనీ అంటాను.

మొన్న అత్త డబ్బా పంపింది. రుచి ఏమీ మారలేదు. "ఎట్లుంది? మిషన్ లేకుంట చెప్పు" అంది ఫోన్‌లో.

"ఐదుకు ఐదు అత్తా."

అత్త కాసేపు నవ్వింది. "గీ మాట ఆ దినమే అనుంటే, మీ మామ జర మంచిగ తింటుండె గదరా."

కరెక్టే సార్ అని ఛాతీ విరిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, డబ్బా ఖాళీ చేశాను.