తలెత్తని మేడమ్

మా కర్నూలు నర్సింగ్ కాలేజీ మేడమ్ నెలకోసారి మమ్మల్ని వార్డుకు తీసుకెళ్లి, నర్సు పనికి ఎవరు ఎంత పనికొస్తారో మార్కులు వేసేది. కాగితంలో మా పేర్ల పక్కనున్న నంబరు పిలవగానే లేచి వెళ్లి రోగితో మాట్లాడాలి. ఆమె పక్కనే కుర్చీలో కూర్చుని, కాగితం మీంచి తల ఎత్తకుండానే, "యాడ సూస్తాండావు? రోగి మొహం సూసి మాట్లాడల్ల. నువ్వీ పనికి పనికిరావు" అనేది.

ఓర్వకల్లు దగ్గర కూలీల బిడ్డనైన నాకు ప్రతి నెలా పదికి రెండు. పెద్ద డాక్టరు కూతురైన నా స్నేహితురాలికి తొమ్మిది.

ఆ రెండు మార్కులు నన్ను లోపల కాల్చేవి. నాలుగో నెల స్నేహితురాలిని ఒప్పించి నంబర్లు మార్చుకున్నాను. ఆమె నంబరుకు నేను లేచాను. తొమ్మిది వచ్చింది. నా నంబరుకు ఆమె లేచింది. రెండే వచ్చింది.

మేడమ్ మార్కులు చదివేసరికి నేను ఆగలేకపోయాను. వార్డంతా వినేట్టు జరిగింది చెప్పి, "ఒగసారి తలెత్తి సూడండి మేడమ్. మా ఇద్దర్లో పనికిరానిది ఎవురు?" అని అడిగాను.

మంచాల మీది రోగులంతా ఆమెనే చూస్తున్నారు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది.

మేడమ్ తలెత్తింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎవరు ఎవరో తేల్చుకోలేక మళ్లీ కాగితంలోకే చూసింది.