మోనోలారిన్ మేడమ్

మా ల్యాబ్ మేడమ్ పోయిన వారం కన్నుమూశారు. ఫ్లూ వచ్చి ఊపిరితిత్తులకు దిగింది. కబురు తెలిసినప్పటి నుంచి నాకు ల్యాబ్‌లోని ఆవిడ గదిలోకి అడుగుపెట్టాలంటే మొహం చెల్లడం లేదు.

బెంగళూరు బొమ్మసంద్రలో మా కంపెనీ మోనోలారిన్ తయారుచేస్తుంది. కొబ్బరినూనెలోని ఒక కొవ్వు ఆమ్లాన్ని గ్లిజరిన్‌తో కలిపితే వచ్చే తెల్లటి పొడి అది. తినుబండారాలు చెడిపోకుండా కలుపుతారు. కొన్ని రకాల బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. ఫ్లూ లాంటి వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది, ల్యాబ్‌లో మోనోలారిన్ ఆ పొరను కరిగించేస్తుంది. ఇదంతా నాకు నేర్పింది ఆవిడే. బ్యాక్టీరియా పెంచే గాజు పళ్ళేలు చూసేటప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగేవారు. మధ్యాహ్నం తన చిత్రాన్నంలో సగం అడక్కుండానే నా డబ్బా మూతలో పెట్టేవారు.

ఒకసారి అమ్మకాల విభాగం ఆయన వచ్చి, ప్యాకెట్ మీద 'వైరస్‌లను చంపుతుంది' అని వేద్దామన్నాడు. మేడమ్ ఒప్పుకోలేదు.

"గాజు పళ్ళెంలో చంపుతాది. మనిషి ఒంట్లో ఏం చేస్తాదో మనకింకా తెలీదప్పా. తెలిసినకాడికే చెప్పాల."

ఆసుపత్రికి నేను వెళ్ళిన మధ్యాహ్నం ఆవిడ మొహానికి ఆక్సిజన్ మాస్క్ ఉంది. మాట్లాడలేకపోతున్నారు గానీ తెలివిలోనే ఉన్నారు. చిక్కపేటలో చీరల అంగడి నడిపే ఆవిడ భర్త నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇన్నేండ్లు మీరిద్దరూ చేసిన పొడి ఉండాది కదప్పా. డాక్టర్‌కి చెప్పి ఈమెకి కొంచెం ఇద్దామా?"

మేడమ్ నా వైపే చూస్తున్నారు.

"అది పళ్ళెంలోనే పనిచేసింది సార్. ఈ జబ్బు నయం చేస్తుందని రుజువు లేదు" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. తను నేర్పిన మాటే చెప్పానని తృప్తిపడ్డారో, ఉన్న కాస్త ఆశా నా నోటితోనే పోయిందనుకున్నారో నాకు తెలియదు. ఆయన్ని బయటికి తీసుకెళ్ళి చెప్పి ఉండవచ్చు. ఆ క్షణాన అంత ఇంగితం లేకపోయింది. మర్నాడే ఆవిడ పోయారు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయనే ముందు మాట్లాడారు.

"నువ్వు నిజమే చెప్పినావు. నోరు పలికుంటే ఆమే అదే చెప్పుండేది. అయినా, ఇద్దాం సార్ అని ఒక మాట అనుంటే బాగుండు అనిపిస్తాదప్పా."

బాల్కనీలో ఉతికి ఆరేసిన ఆవిడ తెల్లకోటు గాలికి కదులుతోంది. ఆయన లేచి వెళ్ళి, ఎండిందో లేదో చేత్తో తడిమి చూసి, తీగ మీదే వదిలేసి వచ్చారు.