రత్నం గచ్చకాయ

నరసరావుపేట కోర్టు ఎదురుగా కూర్చుని ముప్పై ఏళ్ళుగా అర్జీలు, అఫిడవిట్లు టైపు చేస్తున్నాను. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, చూసింది నువ్వా, ఇంకొకరా అని అడుగుతాను. ఎప్పుడూ ఇంకొకరే అవుతారు. అక్కడితో కథ అయిపోతుంది. అలాంటివాణ్ణి నేనే ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకే నవ్వొస్తోంది. ఏం చేయను, ఈసారి చూసింది నేనే.

మా మేనత్త సీతారావమ్మకి ఎనభై దాటాయి. మా ఇంట్లోనే ఉంటుంది. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. డ్యాం కట్టకముందు అక్కడ తవ్వకాలు జరిగాయి. బయటపడిన పాత శిల్పాల్లో కొన్ని ఢిల్లీ దాకా వెళ్ళాయి.

పోయినేడాది పక్కింటి టీచరమ్మ ఢిల్లీ వెళ్ళొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించింది. మ్యూజియం ఫొటోల్లో ఒక రాతి పలక దగ్గర అత్త ఆగిపోయింది. పలక అంచున పులిమేక ఆడుకోవడానికి ఎవరో గీసిన గీతలున్నాయి. "ఈ వంకర గీత మా రత్నం గీసిందేరా, తవ్వకాల కాడ దీని మీదే ఆడుకునేవాళ్ళం" అంది. రత్నం ఆమె అక్క. పన్నెండో ఏట చనిపోయింది. నేను పుట్టకముందు మాట. ఆ రోజు నుంచి ఢిల్లీ తీసుకెళ్ళమని ఒకటే పోరు.

చివరికి చలికాలంలో టూరు వాళ్ళతో బయలుదేరాం. మా ఊరి టూర్లు ఎలా ఉంటాయో తెలుసుగా, వంటవాళ్ళు, బియ్యం, గోంగూర పచ్చడి అన్నీ వెంటే. పొద్దున కుతుబ్ మీనార్ కింద నిలబడి అందరూ మెడలు నొప్పిపుట్టేలా పైకి చూస్తుంటే, అత్త "చానా పొడుగుంది, పోదాం పద" అంది. ఎర్రకోటలో గోడలు బాగానే కట్టారంది. నాకు ఒళ్ళు మండింది. అంత డబ్బు పోసి తీసుకొస్తే ఈమె ఒక్కటీ కళ్ళెత్తి చూడదు!

సాయంత్రం ఇండియా గేట్ దగ్గర పచ్చికలో కూర్చున్నాం. చుట్టూ బుడగలమ్మేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, దుప్పట్లు పరుచుకుని తినేవాళ్ళు. ఢిల్లీ జనమంతా అక్కడే ఉన్నట్టుంది. ఆ సందట్లో అత్త నడుం దగ్గర దోపుకున్న గుడ్డ సంచి తీసి, అందులోంచి ఒక గచ్చకాయ నా చేతిలో పెట్టింది.

మీలో కొందరు ఆడే ఉంటారు. బూడిదరంగు, నున్నటి గట్టి గింజ. ఐదు పెట్టుకుని ఎగరేసి పట్టుకునే ఆట. దాన్ని రాతికేసి గట్టిగా రుద్దితే బాగా వేడెక్కుతుంది. పక్కవాళ్ళ చేతికి అంటించి చురక పెట్టడం పిల్లల అల్లరి. రత్నం అందులో ఆరితేరిందట.

అప్పుడు అత్త చెప్పింది. ఒకరోజు ఆటలో ఓడిపోయిన ఉక్రోషంతో తను ఐదో కాయ దాచేసింది. తవ్వకాల దగ్గర పడిపోయి ఉంటుందని అక్కకి అబద్ధం చెప్పింది. రోహిణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం, రత్నం ఆ కాయ వెతుక్కుంటూ వెళ్ళింది. వడదెబ్బ తగిలింది. మూడో రోజుకి పోయింది.

"ఎవురికీ చెప్పలేదురా. మా అమ్మకి కూడా. దాని కాయ దానికిచ్చేసి పోవాలిరా నేను" అంది. కళ్ళు తుడుచుకోలేదు. పొద్దున విసుక్కున్నందుకు సిగ్గేసింది.

మర్నాడు అందరూ బజార్లకి వెళితే, మేమిద్దరం మ్యూజియానికి వెళ్ళాం. సంచులు బయట అప్పగించాం. అత్త నడుం సంచిలోది గింజే కాబట్టి తనిఖీ మిషన్ కుయ్యిమనలేదు. ఆ పలక ఉన్న గదిలోకి వెళ్ళగానే, నేనింకా శిల్పాల పక్కన చీటీలు చదువుతుంటే, ఆమె తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి పలక ముందు చతికిలబడింది. పలక అంచున గీతలు ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. ఒకటి వంకర.

"రత్నం, ఇదిగోనే నీ కాయ. నేనే దాచా" అని గచ్చకాయ పలక కింద పెట్టింది.

కాపలా ఉన్న ఆవిడ వచ్చేసింది. హిందీలో ఏదో మందలించి, కాయ తీసి నా చేతిలో పెట్టి, వెళ్ళమని సైగ చేసింది. ఆమె తప్పేం లేదు, ఆమె పని ఆమె చేసింది. అత్త మాత్రం కదలదు. "దానిది దానికియ్యనియ్యరేందిరా!" అని ఏడుపు. చూసేవాళ్ళు చూస్తున్నారు. నేను కాయని చొక్కా జేబులో వేసి, బొత్తాం పెట్టి, పైన స్వెట్టర్ కిందికి లాక్కున్నాను. బొత్తాం పెట్టింది బాగా గుర్తుంది. వేళ్ళు చలికి కొంకర్లు పోయి రెండుసార్లు జారింది.

అత్త కుడిచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాను. గుమ్మం దాటుతుండగా ఆమె ఒక్కసారి "అబ్బా!" అని ఎడమచెయ్యి విదిలించింది. అటుపక్క మనిషి లేడు. గోడ కూడా నాలుగడుగుల దూరంలో ఉంది.

బయట ఎండలో బల్ల మీద కూర్చోబెట్టి శాలువా తీసి చూశాను. మణికట్టు పైన గుండ్రటి ఎర్రమచ్చ, గచ్చకాయంత. అత్త దాన్ని చూసింది. నన్ను చూసింది. "కాయేదిరా?" అంది.

స్వెట్టర్ ఎత్తాను. బొత్తాం పెట్టినట్టే ఉంది. విప్పి చూస్తే జేబులో టూరు వాళ్ళిచ్చిన చీటీ ఉంది. కాయ లేదు. జేబు తిరగేశాను. కుట్లు గట్టిగానే ఉన్నాయి. బల్ల కింద, మెట్ల మీద, వచ్చిన దారంతా వెతికాను. మళ్ళీ లోపలికి వెళ్ళి వంగి వంగి చూస్తుంటే కాపలా ఆవిడ కూడా జాలిపడి నాతో పాటు వెతికింది. ఎక్కడా లేదు.

తిరిగొచ్చేసరికి అత్త నవ్వుతోంది, ఏడుస్తోంది. "సచ్చినదానా, కక్ష తీర్చుకున్నావే!" అని ఆ మచ్చనే నిమురుకుంటోంది. అంత ముద్దుగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతుక్కున్నాను. పొద్దున వంటపొయ్యి తగిలిందేమో. వంటవాణ్ణి అడిగితే ఆమె అటు రానేలేదన్నాడు. కాయ జేబులో పడకుండా జారిపోయిందేమో. మరి బొత్తాం పెట్టాక పైనుంచి తడిమి చూసుకున్నానే. ఊరొచ్చాక డాక్టరు మచ్చ చూసి, ఏదో వేడిది తగిలిందన్నాడు. ఏది తగిలిందని నన్నే అడిగాడు.

సాగర్ మాకు ఎంతో దూరం కాదు. అయినా ఊరు మునిగాక అత్త ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన పదిరోజులకి తనే తీసుకెళ్ళమంది. నీళ్ళ ఒడ్డున గాజులు పైకి లాక్కుని, ఎడమచెయ్యి ముందుకి చాపింది.

"చూసుకోవే. ఇంత గట్టిగా పెట్టాలా? ఇంక సరికి సరి" అంది. నీళ్ళకేసి కాసేపు చూసి, ఆకలేస్తుంది పోదాం పదమంది.

నేను టైపు చేసే ప్రతి అఫిడవిట్ చివర, పైన రాసినదంతా నాకు తెలిసినంతవరకు నిజమని ఒక వాక్యం ఉంటుంది. చదవకుండా వేలమందితో సంతకాలు పెట్టించాను. ఇప్పుడు నా వంతొచ్చింది. నిజమే, సంతకం పెడతాను. నాకు తెలిసినదేమిటో మాత్రం నాకింకా తెలియదు.