ఎర్రసైన్యానికి ఇరవై మొరటు తుపాకులు

1983 సెప్టెంబరు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో, నది ఒడ్డుకు పోయే ఒక సందులో, నాకు చిన్న ప్యాటర్న్ షాపు ఉండేది. ప్యాటర్న్ అంటే ఇనుప భాగానికి ముందుగా చేసే కర్ర నమూనా. దాన్ని ఇసుకలో అదిమి, ఏర్పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. అంతకుముందు పన్నెండేళ్లు ఒక ఆయుధ కర్మాగారం ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేశాను. తుపాకీలోని ఒక్కో భాగానికి ఎన్ని ఆపరేషన్లు కావాలో, అంటే దాన్ని ఎన్నిసార్లు యంత్రం మీదికి ఎక్కించి దింపాలో, లెక్క కట్టడం అక్కడ నా ఉద్యోగం. ఈ రెండు పనులూ ఒకచోట కలుస్తాయని ఆ నెల పదహారో తేదీ వరకూ నేను ఊహించలేదు.

ఆ రోజు ఘోషాల్ బాబు వచ్చారు. ఆయనకు ఒక జాత్రా కంపెనీ ఉంది. మధ్యలో వేదిక, చుట్టూ జనం కూర్చుని చూసే బెంగాలీ నాటకమే జాత్రా. మా మాటలన్నీ బెంగాలీలో నడిచాయి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మన 'గారు'కు ఆయన వాడే 'మోశాయ్' తప్ప.

"రావు మోశాయ్, రెండు సీజన్లు వరసగా పోయాయి" అన్నారు కుర్చీలో కూర్చుంటూనే. "దుర్గాపూజ సప్తమి నాడు మీ గార్డెన్ రీచ్ మైదానంలోనే మొదటి ఆట. జిల్లాల నుంచి క్లబ్బుల వాళ్లు చూడటానికి వస్తారు. వాళ్లు బుక్ చేసుకుంటే కంపెనీ బతుకుతుంది. లేకపోతే కాళీపూజ నాటికి తాళం. నలభై ఆరుగురం ఉన్నాం, అందరం వీధిన పడతాం."

నాటకం, రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా మీద జర్మనీ దండయాత్ర. కావలసినవి సబ్ మెషిన్ గన్లు, అంటే ఒక్క మనిషి చేత్తో పట్టుకుని ఆగకుండా కాల్చే పొట్టి తుపాకులు. చెరి పదిహేను, మొత్తం ముప్పై. పత్రికల్లోంచి కత్తిరించిన ఫొటోలు నా బల్ల మీద పరిచారు.

"ప్రేక్షకుడు రెండు గజాల దూరంలో ఉంటాడు. అచ్చం అసలులా ఉండాలి. ముఖ్యంగా మన ఎర్రసైన్యం తుపాకీ టేకుతో, పాలిష్‌తో అద్దంలా మెరవాలి. ఫాసిస్టులది ఎలా ఉన్నా పరవాలేదు."

మా పెద్ద వడ్రంగి సింహాచలం శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాడు. నమూనాగా ఒకటి చేశాడు. చంటిపిల్లను చూపించినట్టు గుడ్డలో చుట్టి తెచ్చాడు. అద్భుతంగా ఉంది. కానీ ఐదు రోజులు పట్టింది. మిగిలినవి ఇరవై ఒక్క రోజులు. నలుగురు వడ్రంగులకు ఎనభై నాలుగు పనిదినాలు. ముప్పై తుపాకులకు కావలసినవి నూట యాభై. పైగా రోజూ లోడ్ షెడ్డింగ్. కరెంటు పోతే లేత్ ఆగిపోయేది.

"రేయింబవళ్లు సేసినా అవ్వదు బాబూ" అన్నాడు సింహాచలం. "ఆ బాబుకి సెప్పీండి, సగం మంది సిపాయిలకి కర్రలిచ్చీమని."

ఘోషాల్ బాబును మళ్లీ పిలిపించి, టీ ఇచ్చి, నాకు తెలిసిన సంగతి చెప్పాను. మొదట్లో జర్మన్ తుపాకీని ఉక్కు దిమ్మ నుంచి మిల్లింగ్ చేసి, అంటే యంత్రంతో చెక్కి చెక్కి, తయారు చేసేవారు. వస్తువు అందమైనది, పని నిదానమైనది. యుద్ధం ముదిరాక వాళ్లూ రేకు వైపు మళ్లారు. రష్యన్లు ఇంకా దూరం వెళ్లారు. రేకును ప్రెస్ కింద అచ్చు కొట్టి, వెల్డింగ్ చేసి, మొరటు కర్ర మడమ, అంటే భుజానికి ఆనించే పిడి, తగిలించారు. పాత రైఫిల్ గొట్టాన్ని రెండుగా కోసి రెండు తుపాకులకు వాడారు. బ్రిటిష్ వారి స్టెన్ గన్‌ను మోసే సిపాయిలే ప్లంబర్ పని అని వెక్కిరించారు. కానీ దాని భాగాలు చిన్న చిన్న షెడ్లలో కూడా తయారయ్యాయి. ఏ తుపాకీ మేలైనదని అడిగేముందు, ఉన్న చేతులతో ఉన్న గడువులో ఎన్ని వస్తాయని ఆ సైన్యాలన్నీ అడగవలసి వచ్చింది.

"అంటే మన వీరుల చేతిలో ముతక సరుకు, ఆ దుర్మార్గుల చేతిలో నగలాంటి తుపాకీయా?" ఘోషాల్ బాబు లేచి నిలబడ్డారు. "క్లబ్బు కామ్రేడ్లు నన్ను వేదిక మీదే తంతారు మోశాయ్!"

"అచ్చం అసలులా ఉండాలన్నారు కదా. అసలు ఇదే."

"మరీ ఇంత అసలు నేనడగలేదు!"

గుమ్మం దగ్గర ఉలి నూరుకుంటున్న సింహాచలం తలెత్తలేదు. "ఓడల డాకులో బస్తా మోసీవోడికి ఇస్త్రీ పంచె కడతారేటి దాదా?"

ఘోషాల్ బాబు మళ్లీ కూర్చున్నారు. నేను కాగితం ఆయన ముందుకు జరిపాను. మెరిసే జర్మన్ తుపాకులు పది, ఒక్కోదానికి ఐదు రోజుల చొప్పున యాభై. మొరటు రష్యన్ తుపాకులు ఇరవై, ఒకటిన్నర చొప్పున ముప్పై. మొత్తం ఎనభై, మరమ్మతులకు నాలుగు మిగులు.

ఆయన సిగరెట్టు చివరిదాకా కాల్చారు. "శత్రువు తక్కువమంది, మెరుస్తూ. మనవాళ్లు ఎక్కువమంది, మొరటుగా" అని గొణుక్కున్నారు. మర్నాడు పొద్దున్నే కొత్త రంగం రాసుకొచ్చి మా రంపపు పొట్టులో నిలబడి చదివి వినిపించారు. అందులో ఒక కార్మికురాలు అప్పుడే తయారైన తుపాకీని భర్తకిచ్చి, "దీన్ని నునుపు చేసే తీరిక లేదు, వెళ్లు" అంటుంది.

రష్యన్ తుపాకీకి కింద గుండ్రటి తూటాల డ్రమ్ము ఉంటుంది. లేత్ అక్కర్లేకుండా రెండు ప్లైవుడ్ బిళ్లలకు చుట్టూ రేకు కొట్టి చేశాం. కంపెనీ బస్సులో పెట్టెల్లో సర్దాలి కనుక అది ఊడి రావాలి, ఏ డ్రమ్మైనా ఏ తుపాకీకైనా పట్టాలి. అందుకే ఒక గేజ్ చేయించాను; గేజ్ అంటే కొలవడానికి బదులు దూర్చి చూసుకునే అచ్చు. డ్రమ్ము దిగే సందుకు ఆ గేజ్ పట్టకపోతే తుపాకీ వెనక్కే.

"మిగతాదంతా మొరటుగా ఉండాలంతారు, ఈ సందు కాడ ఎంట్రుక తేడా రాకూడదంతారు. ఏటి బాబూ ఈ నాయం?" అని సింహాచలం రోజూ సణిగాడు. సణుగుతూనే ఇరవైకి ఇరవై నెగ్గించాడు.

సప్తమి సాయంత్రం మైదానం నిండిపోయింది. ముందు వరసల్లో డాకు కూలీలు, వాళ్ల వెనక కుర్చీల్లో జిల్లాల క్లబ్బుల వాళ్లు. కార్మికురాలి మాటకు ఈలలు పడ్డాయి. మూడో అంకంలో నాయకుడు తుపాకీ మడమతో శత్రువును కొట్టగానే డ్రమ్ము ఊడి దొర్లుకుంటూ వెళ్లి జనంలో పడింది. నా పక్కన ఘోషాల్ బాబు కళ్లు మూసుకున్నారు. వేదిక అంచున తనూ తుపాకీ పట్టి నిలబడ్డ కార్మికురాలి పాత్రధారిణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన తుపాకీ డ్రమ్ము ఊడదీసి నాయకుడి వైపు విసిరింది. అతను పట్టుకుని అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. టక్కున కూర్చుంది. అదీ నాటకంలో భాగమే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆట ముగిశాక క్లబ్బుల వాళ్లు వరస కట్టారు. మాఘమాసం దాకా కంపెనీకి ఖాళీ లేదు. ఘోషాల్ బాబు పరుగున వచ్చి సింహాచలం చెయ్యి పట్టుకున్నారు. "నాయకుడి తుపాకీ ఒక్కటి రోజూ ఆ దెబ్బకే ఊడేలా చేసిపెట్టు!"

"ఊడకూడదని గేజు పెట్టారు, ఇప్పుడు ఊడాలంతన్నారు" అన్నాడు సింహాచలం నా వైపు తిరిగి. "దీనికి ఏ గేజు పెట్టీది బాబూ?"

పనిని అంతటా నునుపు చేయాలన్న పట్టుదల నాకు సహజం. ఎక్కడ మొరటుగా వదిలేయవచ్చో, ఎక్కడ వెంట్రుకంత కూడా వదలకూడదో ముందే నిర్ణయించుకోవడమే అసలైన కచ్చితత్వమని ఆ ఇరవై తుపాకులు నేర్పాయి. ఆ తర్వాత ప్రతి పని మొదటి కాగితం మీదా మొరటు, కచ్చితం అని రెండు గడులు గీసుకున్నాను.

కొంతకాలానికి ఒక విషయం చదివాను. అసలు రష్యన్ తుపాకుల్లో ఒకదాని డ్రమ్ము ఇంకొకదానికి తరచు సరిగా పట్టేది కాదట. ఆ ఒక్క సంగతిలో మా కర్ర తుపాకీయే మెరుగు. సింహాచలానికి చెప్పాను.

వాడు బీడీ ఆర్పి అన్నాడు: "అయితే మన తుపాకులుంటే బెర్లిన్‌కి రెండ్రోజులు ముందే ఎల్లిపోదురు బాబూ."