ప్లైట్ అంటే మణి మామ

మా చిన్నప్పుడు ఒర్లియంపేటలో, సాయంత్రం నీళ్లు పట్టుకోవడం అయిపోగానే విమలక్క ఇంటి అరుగు మీద చేరి, ఇంగ్లీషు మాటలకు మా వీధి మనుషులను కేటాయించేవాళ్లం... ఆట కాదు. ఒక ఉద్యోగానికి సంబంధించిన గంభీరమైన వ్యవహారం.

విమలక్క మా పక్కింటి అక్క. డిగ్రీ అయిపోయి గవర్నమెంటు గుమాస్తా పరీక్షకు చదువుతోంది. వయసు దాటిపోతోంది, అదే ఆఖరిసారి. లెక్కలు బాగా వచ్చేవి. ఇంగ్లీషు మాటల దగ్గరే బండి ఆగేది. అందుకని ఒకే తోక ఉన్న మాటలను గుంపులుగా కట్టుకుంది. అప్పుడు నడుస్తున్నది ఐ, జి, హెచ్, టి తోక. లైట్, నైట్, ఫైట్ వరకు మేమే పండితులం. ఆ పైన ఫ్రైట్, స్లైట్, డిలైట్, ప్లైట్...

మావి తెలుగిళ్లే గాని బడిలో అందరం తమిళమే చదివాం, మా వీధిలో తెలుగు చదవడం ఎవరికీ రాదు. (నాకు కాలేజీలో యానాం స్నేహితుడు నేర్పాడు.) అక్క దగ్గరున్నది ఇంగ్లీషు-తమిళ నిఘంటువు. పాపం, అర్థం ఇంగ్లీషులో బయలుదేరి, తమిళంలో బస్సు మారి, తెలుగులో మా అరుగు చేరేసరికి దానికే ఓపిక ఉండేది కాదు... ఇక మాకేం గుర్తుంటుంది. అందుకే అక్క ఒక పద్ధతి పెట్టింది. ప్రతి మాటకూ వీధిలో ఒక మనిషి ఉండాలి.

ఫ్రైట్ అంటే హడలు. చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చే సెల్వి అత్త. స్లైట్ అంటే చిన్నచూపు. చుట్టాలకు స్టీలు గ్లాసు, మాకు ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చే చివరింటి పెద్దమ్మ. డిలైట్ అంటే పరమానందం. ఎదురింట్లో తగవు వినబడినప్పటి సరోజవ్వ.

"ప్లైట్‌కి ఎవురు రా?" అనింది అక్క.

ప్లైట్ అంటే దీనస్థితి. మేము ఆలోచిస్తుండగానే మణి మామ టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ వచ్చాడు. ఆయన పనిచేసిన మిల్లు మూతబడి చాలా కాలమైంది. అయినా రోజూ క్యారియర్ కట్టించుకుని గేటు దాకా పోయి, అక్కడే తిని, షిఫ్టు వదిలే వేళకు ఇంటికి వచ్చేవాడు.

"ఏంది పిల్లోళ్లారా, నన్ను చూస్తే చదువు నిలిచిపాయనా?" అన్నాడు.

ఎవరమూ పేరు ఎత్తలేదు. కానీ ఆ మాట ఆయనకు ఖాయమైపోయింది.

పరీక్ష రోజు అక్క కోసం అరుగు మీద పీఠాధిపతుల్లా కూర్చున్నాం.

"ప్లైట్ వచ్చింది రా," అనింది చెప్పులు విప్పుతూ. "చూడంగానే మణి మామ కనబడినాడు. క్యారియర్ కనబడింది, గేటు గూడా కనబడింది. అర్థం మాత్రం యాడికి పోయిందో... ఆయన్నే తలుచుకుంటా కూచున్నా. ఆలోపల బెల్లు కొట్టేసినారు."

ఉద్యోగం రాలేదు. మా ఊరి చివర మేట్టుపాళయంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. ఇప్పటికీ అక్కడే.

ఇప్పుడు నాకూ డిగ్రీ ఉంది. అదే పరీక్ష, అవే తోకలు. చదివించడానికి ఫోన్లో ఒక యాప్. తప్పు చెబితే ఎర్రబడి ఊరుకుంటుంది... తిట్టను కూడా తిట్టదు. మణి మామ పోయాడు. సరోజవ్వ ఇంట్లో ఇప్పుడు యాత్రికులకు గదులు అద్దెకిస్తున్నారు. తగవు పడేంత కాలం ఎవరూ ఉండరు.

నిన్న సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చిన విమలక్క అరుగు మీద కూలబడి నా ఫోన్ లాక్కుంది.

"ప్లైట్?"

"దీనస్థితి."

"మనిషి?"

వీధి అటూ ఇటూ చూశాను. రోజూ సంచీ తగిలించుకుని లైబ్రరీ దాకా పోయి, పొద్దుగూకేసరికి తిరిగొచ్చేవాడు ఒక్కడే తేలాడు.

"నేనే అక్కా."

"నీకేంది రా పెద్ద... మణి మామకి క్యారియర్ అన్నా ఉండె," అనింది.

ఇవాళ పొద్దున నేను బయలుదేరుతుంటే, గోడ మీద నుంచి ఒక టిఫిన్ క్యారియర్ అందించింది. ఆమెకూ షిఫ్టుకు టైమైపోతోంది.

దీనికి ఏ మాట సరిపోతుందో యాప్‌కు తెలియదు... మీ వీధిలో ఏ మాటకు ఎవరుండేవాళ్లు? వాళ్లలో ఎవరైనా ఇంకా ఉంటే, పేరు రాయండి.