ఏడో నంబర్ సీసా

టీ చేదుగున్నదని ముఖాలు అట్ల పెట్టకండి. ఈ టీయే పోయిన వారం నన్ను గంటసేపు పెద్ద సైంటిస్టును చేసింది. ఆ తర్వాత నా ఇజ్జత్ తీసింది. ఈద్ సెలవులే గదా, ఎవరికీ తొందర లేదు. తాగుకుంట వినండి, చెప్త.

మీకు తెల్సిందే, యూనివర్సిటీల నాది లేజర్ ల్యాబు పని. చీకటి గది, ఒక ఆకుపచ్చ లేజర్, నేను. తోడుకు టెక్నీషియన్ యూనుస్ భాయ్ ఉంటడు. పెషావర్ ఆయన, మంచి మనిషి, కానీ రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. రియాద్‌కు వచ్చి రెండేండ్లయింది. సుజాత హన్మకొండల, నేనిక్కడ. ఫ్యామిలీ వీసాకు డిపార్ట్‌మెంట్ నుంచి గట్టి లెటర్ కావాలె. మా హెడ్ డాక్టర్ సాలెహ్ ముక్కుసూటి మనిషి. "రంజాన్ అయ్యేలోపల ఒక్క మంచి రిజల్ట్ చూపియ్. డీన్‌కు నేనే రాస్త" అన్నడు. అప్పటిసంది ఆ లెటర్ తప్ప నాకు వేరే ధ్యాస లేదు.

నా పని ఏందంటె, చిన్న గాజు డబ్బీల రంగు నీళ్లు పోసి దాంట్లకెల్లి లేజర్ పంపుడు. లేజర్ తగిలినకాడ ఆ నీళ్లు కొంచెం వేడెక్కుతయి, రంగు ఎంత చిక్కగుంటె అంత ఎక్కువ. వేడెక్కితే వాటి వక్రీభవన గుణకం మారుతది, అంటే వెలుతురును ఎంత వంచాలె అనే గుణం. నడుమ ఒక తీరు, అంచుల ఒక తీరు. అప్పుడు ఆ నీళ్లే ఒక లెన్సు అయిపోయి, వచ్చిన వెలుతురునే చెదరగొడ్తయి. గోడ మీద ఒక చుక్క పడాల్సినకాడ వలయాలు పడ్తయి. వలయాలు ఎన్ని ఎక్కువుంటె మార్పు అంత ఎక్కువన్నట్టు. నా దగ్గర ఆరు శాంపిళ్లున్నయి. మూడు నెలలు చేస్తే రెండు వలయాలు, మహా అయితే మూడు.

ఇగ టీ సంగతి. నేను ఇక్కడికి వచ్చే ముందు సుజాత ఒక మాట తీసుకున్నది. అక్కడ సాయంత్రం నాలుగైతే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ఆ టైముకు ఇద్దరం ఎవరికాడ వాళ్లం టీ తాగాలె. ఫోన్ లేదు, ఏం లేదు. తాగుడే. శుక్రవారం ఫోన్ చేస్తే మాత్రం లెక్క అడుగుతది. "మంగళవారం తాగిండ్రా? నిజం చెప్పుండ్రి." నవ్వితే నవ్వుండ్రి. రోజంతల నాతోని ఇంకొకరున్నట్టు అనిపించేది ఆ రెండు నిమిషాలే.

మరి రంజాన్ల ఎట్ల? పగటిపూట బయట తాగొద్దు. యూనుస్ భాయ్ గొంతు తడుపుకోకుండ పని చేస్తుంటె ఆయన ముంగట ఫ్లాస్కు తియ్యనీకె నాకూ మనసొప్పదు. అట్లని మాట తప్పలేను. అందుకే అతి తెలివి చేసిన. స్టోర్ల కొత్త శాంపిల్ సీసా ఒకటి తీసుకున్న, గోధుమ రంగుది. కడిగి, మరగబెట్టి, పొద్దున్నే అల్లం వేసిన టీ దాంట్ల పోసుకొచ్చేది. పాలు పోస్తె దొరికిపోత, అందుకే డికాషనే. ఆరు శాంపిళ్ల పక్కన పెట్టి "ఎస్-7" అని లేబుల్ అతికించిన. ఒకటిన్నరకు నల్ల పరదా వెనక్కి పోయి గటగట తాగొచ్చేది. ల్యాబుల నీళ్లు కూడ తాగొద్దని బోర్డు రాసింది నేనే.

ఇరవై రోజులు బ్రహ్మాండంగ నడిచింది. పోయిన వారం ఇఖామా పర్మిట్ రెన్యువల్ అని నన్ను పాస్‌పోర్టుల జవాజాత్ ఆఫీసుకు రమ్మన్నరు. పొద్దున సీసా ఎప్పటిలెక్క అల్మారిల పెట్టి ఉరికిన. అక్కడ లైన్ల నిలబడ్డప్పుడు డాక్టర్ సాలెహ్ ఫోన్. ఆ మనిషి గొంతుల అంత సంతోషం నేనెన్నడు వినలేదు.

"యా డాక్టర్, మబ్రూక్! ఎలెవెన్ రింగ్స్! వెంటనే రా."

పదకొండు వలయాలు. నా కాళ్లు భూమ్మీద ఆగలేదు. ట్యాక్సీల కూసొని సుజాత వస్తె ఏ గది తీసుకోవాలె, ఏ కిటికీకి ఏ కర్టెన్ వెయ్యాలె, అన్నీ అనుకున్న. ఏ శాంపిల్‌కు పదకొండు వచ్చినయో అడగాలనే సోయి కూడ లేకపాయె.

ల్యాబుల అడుగు పెట్టంగనే డాక్టర్ సాలెహ్ నా చేతిల ఒక కవర్ పెట్టిండు. డీన్‌కు లెటర్. "ఈయన కనుక్కున్న పదార్థం మా డిపార్ట్‌మెంట్‌కు గర్వకారణం" అని కూడ రాసిండట. గోడ మీద వలయాలు ఇంక వెలుగుతున్నయి, పెద్దపెద్దగ, పచ్చగ. యూనుస్ భాయ్ పక్కన నిలబడి ఆ రోజు పదకొండో మాట మాట్లాడిండు.

"డాక్టర్ సాబ్, ఆప్‌కా సాత్ నంబర్ కెమికల్ బహుత్ ఖుష్బూదార్ హై."

ఏడో నంబర్. మంచి వాసన. అల్మారి దిక్కు చూసిన, నా సీసా అక్కడ లేదు. హెడ్ శాంపిళ్లన్నీ చెయ్యమన్నడట, పాపం యూనుస్ భాయ్ ఒకటి నుంచి ఏడు దాక వరుసగ చేసిండు.

కవర్ నా చేతిల ఉన్నది. నోరు మూసుకుంటె చాలు, డీన్ ఆఫీసు రెండంతస్తుల పైననే. సుజాత ముఖం కండ్ల ముంగట కనబడ్డది. అప్పుడే డాక్టర్ సాలెహ్ పెన్ను తీసిండు.

"కాన్ఫరెన్స్‌కు ఇయ్యాలనే పంపుదాం. సాల్వెంట్ ఏంది?"

"నీళ్లు, డాక్టర్."

"గుడ్. డై?"

"సహజమైనది, డాక్టర్. ఆకుల నుంచి."

"ఏ ఆకులు?"

"అస్సాం ఆకులు, డాక్టర్."

పెన్ను ఆగింది. నా దిక్కు చూసిండు, సీసా దిక్కు చూసిండు. మూత తీసి వాసన చూసిండు. ఉపవాసమున్న మనిషి, పొద్దుగూకే మగ్రిబ్‌కు ఇంక నాలుగు గంటలున్నయి, ముక్కు కింద అల్లం టీ. కండ్లు మూసుకున్నడు.

"హరాం అలైక్" అన్నడు మెల్లగ, అన్యాయం చేస్తివి గదా అన్నట్టు.

నేనన్నీ చెప్పేసిన. నాలుగు గంటలు, ఒకటిన్నర, మాట తీసుకున్నది, పరదా వెనుక తాగుడు. పెండ్లయిన మనిషి, పీహెచ్‌డీ ఉన్నోడు చెప్పాల్సిన మాటలేనా అవి? యూనుస్ భాయ్ మొఖం తిప్పుకొని లేజర్ బంద్ చేసిండు. గోడ మీద పదకొండు వలయాలు ఒక్కసారే పోయినయి.

డాక్టర్ సాలెహ్ చెయ్యి చాపిండు. కవర్ ఇచ్చేసిన. ఇంక రెండేండ్లు ఇట్లనే అనుకున్న. ఆయన తన గదిలకు పోయి పది నిమిషాలకు వేరే లెటర్ తెచ్చిండు. పొగిడిన మాట తీసేసిండు. ఒకటే లైను మిగిలింది: ఈయన నిజం చెప్పే మనిషి, భార్యను పిలిపించుకోనియ్యండి.

"నీ భార్య కోసం కాదు, నా ల్యాబు కోసం రాసిన. ఆమె వస్తె టీ ఇంట్లనే ఉంటది" అన్నడు. నవ్విండో లేదో తెల్వదు, గడ్డంల కనబడలేదు.

లెటర్ డీన్ టేబుల్ మీద ఉన్నది. సెలవులయినంక చూస్తడట. ఏమైతదో తెల్వదు.

నిన్న సుజాతకు ఫోన్ చేసి అంత చెప్పిన. నవ్వి నవ్వి ఆమెకు దగ్గొచ్చింది. తర్వాత అడిగింది.

"ఉత్త టీకి పదకొండు ఎట్లొచ్చినయి? ఎంత పొడి వేస్తున్నరు?"

"ఎప్పటిలెక్కనే. నాలుగు చెంచాలు."



"నాలుగు చెంచాలు మనిద్దరికీ వేసేదండి" అన్నది.

రెండేండ్లు. రోజూ కొలిచే పనే నాది. బీకరు, చెంచా, గ్రాము, మిల్లీగ్రాము. రెండేండ్లు టీ చేదుగున్నదని సౌదీ నీళ్లను తిట్టుకుంట తాగిన. సెలవులయినంక లాగ్ బుక్కుల ఏడో నంబర్ ముంగట ఇదే రాస్త: పొడి ఇద్దరికి, నీళ్లు ఒక్కనికి.

ఇయ్యాల మీ టీల కూడ చెయ్యి అట్లనే పడ్డది. చక్కెర అటు పక్కకున్నది, వేసుకోండి.