షోలాపూర్ చూడదగ్గ ఊరే

ఆ రోజుల్లో, అంటే మనమంతా మూతికి గుడ్డ కట్టుకుని, పాల ప్యాకెట్‌కు కూడా సబ్బుతో స్నానం చేయించిన రోజుల్లో, నా వయసు నలభై ఆరు. అయినా దాన్ని నా చిన్నతనమనే చెప్పుకుంటాను. ఎందుకంటే అక్షరాలు నేర్చుకుని అప్పటికి నాకు ఆరు నెలలు కూడా నిండలేదు. చదువులో చంటిపిల్లను. చిన్నపిల్లలకుండే పంతం, అలక, కొత్త గౌను నలుగురికీ చూపించాలన్న యావ, అన్నీ నాకు ఆ వయసులో పట్టుకున్నాయి. ఆ యావ వల్లే ఇదంతా జరిగింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ సగం నవ్వేసరికి మళ్లీ కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమో కాదో మీరే చెప్పండి.

పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో, రెండో అంతస్తులో, ఒక టూర్ల ఆఫీసులో నేను పదకొండేళ్లుగా ఊడ్చేదాన్ని, తుడిచేదాన్ని, చాయ్ పెట్టేదాన్ని. గోడల నిండా ఊళ్ల బొమ్మలు. ఒకదాంట్లో పొడుగాటి ఇనుప గోపురం, ఒకదాంట్లో నీళ్లలో మేడలు. వాటిమీద దుమ్ము తుడవని రోజు లేదు. హైదరాబాదులో సగం మందిని మా ఆఫీసే ఎక్కడెక్కడికో పంపింది. నాకు మాత్రం సెలవు దొరికేది కాదు. వేసవి వస్తే సీజనంటారు, దసరా వస్తే సీజనంటారు, పిల్లల పరీక్షలైతే సీజన్, పెళ్లిళ్లయితే కొత్తజంటల సీజన్. మా అక్క షోలాపూర్‌లో ఉంటుంది. మరమగ్గాల మీద పనిచేసే ఆయనకిచ్చి చేశారు, ముప్పై ఏళ్ల కిందట. మొదట్లో తనే వస్తూ పోతూ ఉండేది, తర్వాత మోకాళ్లు మొరాయించాయి. నేను మాత్రం ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. పెళ్లయిన కొత్తలో పొలం పనులు, తర్వాత పిల్లలు, తర్వాత పట్నం, ఆ తర్వాత ఈ సీజన్లు. ప్రతి ఆదివారం ఫోన్లో ఇదే గొడవ.

"ఎప్పుడొస్తవే?"

"సీజన్ అయినంక వస్తనక్కా."

"గీ సీజన్ ఏందే? మామిడికాయలకు సుత రెండు నెలలే ఉంటది. మీ ఆఫీసుకు పన్నెండు నెలలుంటదా?"

ఇంతలో ఆ మాయదారి రోగం వచ్చి లోకానికే సెలవిచ్చింది. ఆఫీసు మూతపడింది. సెలవుంది గానీ బస్సులు లేవు! (దేవుడి లెక్కలు నాకెప్పుడూ అర్థం కావు.) అమీర్‌పేటలో మేమున్న సందంతా హాస్టళ్లు, కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు. పిల్లలంతా ఊళ్లకు పోయాక సందులో చీపురు చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. కింది వాటాలో మా ఇంటి ఓనరమ్మ ఉంటుంది. గుంటూరు వైపు ఆవిడ, ముప్పై అయిదేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. అందరం టీచరమ్మ అంటాం. తిట్టడానికి పిల్లలు లేక ఆవిడకు పిచ్చెక్కినట్టుంది, ఒకరోజు నన్ను మెట్లమీదే పట్టుకుంది.

"ఏంటమ్మా, పదకొండేళ్లు కాగితాల మధ్య పనిచేశావు, ఒక్క అక్షరమైనా అంటుకోలేదా నీకు?"

"తుడుమన్నరు, తుడిచిన. చదువుమని ఎవరన్న చెప్పిన్రా?" అన్నాను, ఒళ్లు మండి.

"నేను చెబుతున్నాగా. రేపటినుంచి నాలుగింటికి రా. స్నానం చేసి రా."

పుస్తకాల షాపులు మూసి ఉన్నాయి. అప్పుడు నాకు మా వంటింటి అరలు గుర్తొచ్చాయి. ఆఫీసులో మిగిలిపోయిన పాంప్లెట్లు తెచ్చి అరల్లో డబ్బాల కింద పరచడం నాకు అలవాటు. మందపాటి కాగితం, నూనె పడినా చిరగదు. అవి తీసి దులిపి టీచరమ్మ ముందు పెట్టాను. నా మొదటి వాచకం అదే. మొట్టమొదట నేను కూడబలుక్కుని చదివిన మాట "సింగపూర్". నాలుగేళ్లుగా ఉప్పు డబ్బా కింద ఉన్నదట! వర్షాలు తగ్గేనాటికి ఇల్లంతా చదివేశాను. కందిపప్పు దుబాయ్‌లో ఉంది, చింతపండు బ్యాంకాక్‌లో, పోపుల డబ్బా కాశీ, గయ, ప్రయాగ మూడింటి మీదా కాలు చాపుకుని ఉంది.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రతి పాంప్లెట్ అడుగునా చిన్న అక్షరాలతో "షరతులు వర్తిస్తాయి" అని ఉండేది. ఇదేమిటని అడిగితే టీచరమ్మ, "అది చివర్న వేస్తారులేమ్మా" అని ఊరుకుంది. చివర్న వేస్తారు కాబోలు అనుకున్నాను. సినిమా చివర శుభం వేసినట్టు, ఉత్తరం చివర దస్కతు పెట్టినట్టు, ఏం రాసినా కింద ఇది రాస్తేనే రాత చెల్లుతుందని నా నమ్మకం. పాలాయన కోసం తలుపుకు చీటీ అంటించాను: "రేపు పాలు వద్దు. షరతులు వర్తిస్తాయి." ఆయన మూడు రోజులు మా గడప ఛాయలకు రాలేదు. ఎందుకు రాలేదో చాలాకాలం నాకు తెలియనే లేదు.

చలికాలం మొదట్లో ఆఫీసు తెరిచారు. ఫోన్లు మోగడం లేదు, వచ్చేవాళ్లు లేరు. అందరి ముఖాలూ వేలాడుతున్నాయి. అప్పుడు ఆఫీసు నడిపే మా మేడమ్ అందరినీ దూరం దూరంగా కూర్చోబెట్టి చెప్పారు: "ఎన్నాళ్లో ఇలా ఉండదు. దారులు తెరుచుకోగానే మొదటి ప్రయాణం మనదే. అందరూ తలా ఒక నగరం పేరు, అది ఎందుకు చూడాలో అయిదారు వాక్యాలు, రాసి ఈ డబ్బాలో వేయండి. ఏది చదివితే నాకు సంచి సర్దుకోవాలనిపిస్తుందో ఆ ఊరికి నాలుగు రోజులు అందరం వెళ్దాం. మీరు రాసినవన్నీ మన ఆన్‌లైన్ పేజీలో కూడా పెడతాం."

"అందరూ" అన్నారు. చాయ్ పళ్లెం పట్టుకుని నేను ఈ చెవులతో విన్నాను. పక్కనే మా ప్యాకేజీ అన్న వేళ్లు మడిచి, "మొత్తం ఏడుగురం మేడమ్," అన్నాడు. (పాంప్లెట్లు రాసేదీ, టూర్లు అమ్మేదీ అతనే. ఇంట్లో ఉప్మా చేసినా "ఉప్మా, చట్నీ, చాయ్ ప్యాకేజీ" అంటాడని ఆ పేరు.) నేను లెక్కపెట్టాను. నాతో కలిపి ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే. పదకొండేళ్లు ఏడు కప్పులు కడిగిన మనిషి ఆ గదిలో నిలబడి ఉన్నట్టు అతనికి కనబడలేదు.

ఆ రాతకు రెండు రోజులు పట్టింది. ఏ ఊరని ఆలోచించనే లేదు. ఎలా రాయాలన్నదే ఆలోచన. నేను చదివిన చదువంతా మా అరల్లోదే కాబట్టి, రాత ఆ ధోరణిలోనే వచ్చింది. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు:

"షోలాపూర్. దుప్పట్ల నగరం. ప్రశాంత వాతావరణం. విశాలమైన గదులు. ఇంటి భోజనం లాంటిది కాదు, ఇంటి భోజనమే. జొన్నరొట్టె, పల్లీల కారం అడిగినంత. తెలుగు మాట్లాడే గైడు (మా అక్క) ఎల్లవేళలా అందుబాటులో. ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్న ఆతిథ్యం. త్వరపడండి. షరతులు వర్తిస్తాయి."

పేరు రాయలేదు. పాంప్లెట్ల కింద ఎవరి పేరూ ఉండదు కదా. ఎవరూ చూడకుండా డబ్బాలో వేశాను. అందరూ వెళ్దాం అంటే నేనూ వెళ్తాను, నేను రాసిన ఊరు గెలిస్తే అక్క ఇంటికి ఆఫీసే తీసుకుపోతుంది, ఇక ఏ సీజనూ అడ్డురాదు. ఇదీ నా లెక్క.

శనివారం మేడమ్ ఒక్కొక్కటే చదివారు. ప్యారిస్ వచ్చింది (రాసింది ప్యాకేజీ అన్నే), ఇస్తాంబుల్ వచ్చింది, జైపూర్ వచ్చింది. అన్నీ "మరపురాని అనుభూతి"యే. (ఇన్ని అనుభూతులు మరపురాకపోతే తలలో చోటెక్కడిది?) ఆఖర్న నా కాగితం విప్పి, మొదట చిన్నగా నవ్వి, తర్వాత కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వారు.

"ఎవరండీ ఇది?"

"నాది మేడమ్," అన్నాను.

ప్యాకేజీ అన్న కుర్చీ ఇటు తిప్పాడు.

"అక్కా, జర నిజం చెప్పు. ఎవరితోని రాపిచ్చినవ్?"

"నేనే రాసిన."

"ఏ, నీకు చదువెప్పుడొచ్చింది? గిది నా పాంప్లెట్ అక్కా. 'ఎల్లవేళలా అందుబాటులో' నా మాట. 'త్వరపడండి' సుత నాదే. మొత్తం కాపీ కొట్టినవ్!"

"షోలాపూర్ పాంప్లెట్ నువ్వెప్పుడేసినవన్నా? తీసి చూపియ్."

"షోలాపూర్‌కు టూర్ ఎక్కడన్న ఉంటదా? చద్దర్లు కొననీకి పోతరు, వస్తరు, గంతే."

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు ప్యారిస్ చూసినవా?"

"లే."

"చూడకుండనే రాసినవ్. మరి ఆడ నీకు తలుపు తీసేటోళ్లు ఉన్నరా?"

"హోటల్ ఉంటది కదా అక్కా."

"నాకు అక్క ఉన్నది."

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వు ఆపి, ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందుకు తోశారు. "ఏమీ అనుకోకు. అందరి ముందూ ఒకటి రాయి, గొడవ వదిలిపోతుంది. మన ఆఫీసు గురించి రాయి." మిగతా ఏడుగురిలో ఒక్కరినైనా అలా రాసి చూపించమన్నారా? లేదు. నాకే ఆ పరీక్ష. నిలబడే ఉన్నాను, కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. పెన్ను రెండుసార్లు జారింది. కానీ కోపంలో అక్షరాలు భలే వస్తాయండీ. రాసి ఇచ్చాను. మేడమ్ పైకి చదివారు:

"పంజాగుట్ట. రెండో అంతస్తు. లిఫ్టు కలదు, పని చేయదు. ఏడుగురికి సరిపడా చాయ్. సెలవులు లేవు. షరతులు వర్తిస్తాయి."

ప్యాకేజీ అన్న బల్ల గుద్ది నవ్వాడు. మేడమ్ మాత్రం "సెలవులు లేవు" దగ్గర ఆగి మళ్లీ చదువుకున్నారు. తర్వాత, "అవునూ, ఏం షరతులమ్మా?" అన్నారు.

"ఏమో మేడమ్. మీ కాగితాలన్నిటి కింద ఉంటయ్ కదా. అది లేకుంటే చెల్లదనుకున్న."

ఇక చూడండి. ఒకరు గోడకు ఆనుకున్నారు, ఒకరికి పొలమారింది. ఆ మాట ఏళ్ల తరబడి అచ్చు కొట్టించింది వాళ్లు, నవ్వులపాలైంది నేను! ప్యాకేజీ అన్నను నిలదీశాను, దాని అర్థమేంటో నువ్వన్నా చెప్పమని. అతను కాసేపు గొణిగి, "అంటే అక్కా... మనం రాసింది రాసినట్టు ఉండకపోవచ్చు అని," అన్నాడు. ఉండనప్పుడు రాయడమెందుకు?

గెలిచింది జైపూర్. విదేశాలకు దారులింకా తెరవలేదన్నారు. "నువ్వూ రావాలి," అన్నారు మేడమ్, మనస్ఫూర్తిగానే అన్నారు. నేను పళ్లెం కింద పెట్టాను.

"నాకు జైపూర్ వద్దు మేడమ్. ఆ నాలుగు రోజులు నాకియ్యండి."

"మస్తు హోటల్ అక్కా, పొద్దుగాల బఫే ఉంటది," అన్నాడు ప్యాకేజీ అన్న.

"ఉంటే తిని రా. నేను అక్క దగ్గర తింట."

మేడమ్ నా ముఖంలోకి చూసి, "వెళ్లిరా," అన్నారు. పదకొండేళ్లు అడిగితే దొరకనిది ఆ ఒక్క మాటతో దొరికింది. కానీ పేజీలో మాత్రం "దారులు తెరిచాక చూడవలసిన ఏడు నగరాలు" అనే పెట్టారు. ఏడే! నాది చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లకు దాన్ని పెట్టడానికి చేతులు రాలేదు. ఈ ముక్కకు మాత్రం నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

బయల్దేరే ముందు అక్కకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను: "నువ్వు మోకాళ్లు నొప్పి పెట్టుకొని బస్టాండుకు రాకు. నాకిప్పుడు చదువొచ్చింది. బోర్డులు చూసుకుంట నేనే ఇంటికొస్త." లక్డీకాపూల్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని కనబడిన ప్రతి బోర్డూ చదివాను. పక్కనామె విసుక్కుని చెవుల్లో ఏవో పెట్టుకుంది. జహీరాబాద్ దాటాక అక్షరాలు కొంచెం వంకర తిరిగాయి, మనవాటికి పెదనాన్న పిల్లల్లాగా. ఎవరో తప్పు రాశారనుకున్నాను. ఇంకాస్త పోయాక పూర్తిగా మారిపోయాయి. తీగమీద ఆరేసిన బట్టల్లా అన్నీ వేలాడుతున్నాయి. షోలాపూర్ బస్టాండులో దిగి చుట్టూ చూస్తే ఎటు చూసినా అవే. ఒక్కటంటే ఒక్క అక్షరం నన్ను పలకరించలేదు. ఆరు నెలలు నాలుగింటికల్లా స్నానం చేసి వెళ్లి, చెవి మెలితిప్పించుకుని నేర్చుకున్న చదువు బస్సు దిగేసరికి చెల్లకుండా పోయింది! ఊరూరికీ వేరే అక్షరాలుంటాయని టీచరమ్మ నాకొక్క మాట చెప్పొద్దా? సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, ఎవరిమీద అరవాలో తెలియక, అక్కడే నిలబడ్డాను.

"ఓ సదువుకున్నామె! ఇటు!"

స్తంభం పక్క బెంచీమీద అక్క. జుట్టంతా తెల్లబడింది. ఒళ్లో టిఫిన్ డబ్బా.

"రావద్దన్న కదనే అక్కా!"

"నువ్వు రావద్దన్నవనే పొద్దుగాల్నే వచ్చి కూసున్న. నీకు సదువొచ్చిందేమో, తెలివొచ్చినట్టు ఎవరు చెప్పిన్రు?"

అక్కడే బెంచీమీద రొట్టె తిన్నాం. నేనేడుస్తుంటే అక్క తిట్టింది, అక్క ఏడుస్తుంటే నేను తిట్టాను. ఇంటికి వెళ్లి చూస్తే నేను రాసినవాటిలో రొట్టె, కారం, అక్క తప్ప ఒక్కటీ నిజం కాదు. గదులు రెండు, మంచం వేస్తే తలుపు పడదు. ప్రశాంతత మాట దేవుడెరుగు, వీధంతా మగ్గాల మోత. నాలుగు రోజులూ అక్కాచెల్లెళ్లం ఒకరి చెవిలో ఒకరం అరుచుకుంటూనే ముచ్చట్లు చెప్పుకున్నాం.

ఇప్పుడు నేను ఏది రాసినా చూసి, కనుక్కుని, టీచరమ్మతో దిద్దించుకుని రాస్తాను. షోలాపూర్ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను: ఎండ, ఇరుకు, చప్పుడు. ఆ రోజు పెన్ను పట్టుకుని నిలబడ్డ ఆ ఆరు నెలల పిల్లను అడిగితే మాత్రం, భూమ్మీద అంతకంటే చూడదగ్గ ఊరు లేదని పోట్లాటకు వచ్చేది. చూడనైనా చూడలేదు, పాపం. అయినా మా ఇద్దరిలో ఎవరి మాట నమ్ముతారని నన్నడిగితే, నేను ఆ పిల్ల వైపే.